తిలా పాపం తలా పిడికెడేనా?

విమానం కూలిన వార్త చెవిన పడగానే మన నోట వెలువడే మొదటి ప్రశ్న ఒక్కటే: తప్పెవరిది? నడిపిన పైలట్‌దా, నేలమీద కూర్చుండి దారి చూపిన కంట్రోలర్‌దా? ఆ ప్రశ్న సహజమైనదే. ఆత్మీయులను కోల్పోయినవారికి దానిని అడిగే హక్కు సంపూర్ణంగా ఉన్నది. అయితే మనం వెదికే సమాధానం తరచుగా తక్కెడలో తూచే సమాధానం. ఇతనికి ఇన్ని పాళ్లు, అతనికి అన్ని పాళ్లు అని పంచి, చేతులు దులుపుకొని లేచిపోతాము. తిలా పాపం తలా పిడికెడు పంచినంత మాత్రాన న్యాయం జరిగినట్లేనా? మరొక ప్రమాదం తప్పినట్లేనా? ఈ రెండు ప్రశ్నలను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పాలక సంఘం పెద్దల ముందు ఉంచడమే ఈ చిన్న వ్యాస సంకల్పం.

మొదట మన దేశంలో జరిగినదే చూతము. 1996 నవంబరు 12 సాయంకాలం హర్యానాలోని చర్ఖీ దాద్రీ సమీపాన రెండు విమానాలు ఆకాశంలో ఢీకొన్నవి. ఒకటి ఢిల్లీ నుండి బయలుదేరిన సౌదీ బోయింగ్ 747, మరొకటి ఢిల్లీకి దిగివస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్. 349 మందిలో ఒక్కరూ మిగలలేదు. పొట్ట చేతపట్టుకొని గల్ఫ్ దేశాలకు పోతున్న భారతీయ శ్రమజీవులు వారిలో అనేకులు. అట్టి ప్రయాణం చేసిన తండ్రులూ అన్నలూ మన ఇండ్లలోనూ ఉన్నారు కనుక ఆ దుఃఖం మనకు పరాయిది కాదు.

విచారణ జరిపిన జస్టిస్ లాహోటీ సంఘం కజక్ విమాన సిబ్బంది దోషాన్ని స్పష్టంగా నిర్ణయించింది. 15,000 అడుగుల ఎత్తున ఆగవలసిన విమానం, సౌదీ విమానానికి కేటాయించిన 14,000 అడుగుల వైపు దిగిపోయింది. ఎదురుగా మరొక విమానం వస్తున్నదని కంట్రోలర్ ముందే హెచ్చరించాడు. ఇక్కడ నిందను సమానంగా పంచడం కంట్రోలర్‌కు అన్యాయమే అవుతుంది.

కాని కథ అంతటితో ముగిసిందా? వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఆనాడు ఒకే మార్గం ఉండేది. ఢిల్లీలో వాడుకలో ఉన్న రాడార్ విమానం ఎంత దూరాన ఉన్నదో చూపేదే కాని, ఎంత ఎత్తున ఉన్నదో చూపేది కాదు. ఎత్తు విషయంలో కంట్రోలర్‌కు పైలట్ మాటే ఆధారం. ఆ పిమ్మట మార్గాలు వేరుపడినవి. ఢీకొనే ప్రమాదాన్ని ముందుగా పసిగట్టే టీకాస్ యంత్రం తప్పనిసరి అయినది. చనిపోయిన సిబ్బందిని నిందించి ఊరకుంటే ఈ మార్పులు వచ్చి ఉండేవా?

ఆ యంత్రమే వేరొక చిక్కును తెచ్చిపెట్టింది. 2002 జులై 1 రాత్రి, జర్మనీ దక్షిణ సరిహద్దున ఊబర్లింగెన్ పట్టణం మీద, బష్కీరియన్ ఎయిర్‌లైన్స్ వారి టుపొలేవ్ విమానమూ డీహెచ్ఎల్ సరకుల విమానమూ ఢీకొన్నవి. 71 మంది మరణించారు. వారిలో అధికులు విహారయాత్రకు బయలుదేరిన రష్యా దేశపు బాలబాలికలు. ఆ ఆకాశభాగాన్ని చూస్తున్నది స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ కేంద్రం. ప్రమాదం నిమిషం లోపునకు వచ్చిన తరువాత గాని కంట్రోలర్ గుర్తించలేదు. గుర్తించి, రష్యా విమానాన్ని దిగుమన్నాడు. ఆ వెంటనే విమానంలోని యంత్రం ఎక్కుమన్నది. పైలట్ మనిషి మాట విన్నాడు. సరకుల విమానం పైలట్ తన యంత్రం చెప్పినట్లు దిగాడు. రెండూ దిగినవి, రెండూ కలిసినవి.

మరి తప్పెవరిది? ఆలస్యంగా చూచిన కంట్రోలర్‌దా, యంత్రాన్ని కాదన్న పైలట్‌దా? కాస్త వెనుకకు నడువుడు. ఆ రాత్రి రెండు స్థానాల పని ఒక్క మనిషి చేస్తున్నాడు. సహచరుడు విశ్రాంతికి పోయాడు, ఆ అలవాటును సంస్థ చూచీ చూడనట్లు సాగనిచ్చింది. మరమ్మతుల వలన ప్రధాన టెలిఫోను పనిచేయడం లేదు. ప్రమాదాన్ని గమనించిన జర్మన్ కేంద్రంవారు హెచ్చరించబోతే లైను కలువలేదు. యంత్రం ఒకటి, మనిషి ఒకటి చెప్పినప్పుడు ఎవరి మాట వినవలెనో నిబంధనలు నిస్సందేహంగా చెప్పలేదు. అంతకు ముందే 2001 జనవరి 31న జపాన్ ఆకాశంలో ఇదే వైరుధ్యం రెండు విమానాలను మృత్యువు అంచుకు తెచ్చి వదిలింది. ఆ హెచ్చరిక అరణ్యరోదనమైంది.

భార్యాబిడ్డలను పోగొట్టుకొన్న ఒక తండ్రి 2004 ఫిబ్రవరిలో ఆ కంట్రోలర్‌ను అతని ఇంటివద్దనే పొడిచి చంపాడు. ఆ శోకం ఎంతటిదో తలచుకొంటేనే గుండె చెరువవుతుంది. ఆ హత్యను సమర్థించడం మాత్రం ఎవరి తరమూ కాదు. అది ఎవరినీ బ్రతికించలేదు, ఏ లోపాన్నీ సరిదిద్దలేదు. 2007లో స్విస్ న్యాయస్థానం సంస్థకు చెందిన నలుగురిని నిర్లక్ష్య నేరానికి దోషులని తేల్చింది. అప్పటికి గాని న్యాయం ఆ రాత్రి ఒంటరిగా కూర్చున్నవానిని దాటి పైమెట్టుకు చేరలేదు.

అందరూ బాధ్యులే అంటే ఎవరూ బాధ్యులు కారన్నట్లే కదా అని కొందరు ఆక్షేపించవచ్చును. ఈ ఆక్షేపణలో బలమున్నది. 1977 మార్చి 27న కెనరీ దీవులలోని టెనెరీఫ్ విమానాశ్రయంలో, దట్టమైన పొగమంచులో, అనుమతి లేకుండానే డచ్చి కెప్టెన్ తన బోయింగ్‌ను పరుగెత్తించాడు. రన్‌వే మీదనే ఉన్న అమెరికా విమానాన్ని అది ఢీకొన్నది. 583 మంది మరణించారు. స్పెయిన్ విచారణ కెప్టెన్‌ను తప్పుపట్టింది. హాలెండ్ వారు ఇరుపక్షాల మాటల అపార్థాన్ని ఎత్తిచూపారు. కెప్టెన్ తొందరపాటు తొందరపాటే. దానిని కప్పిపుచ్చరాదు. అయినా లోకానికి మేలు చేసినది ఆ వాదన కాదు. ‘టేకాఫ్’ అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడే వాడవలెనన్న నియమం మేలు చేసింది. అవతలి విమానం తప్పుకొన్నదా అని ఆ విమానపు ఇంజనీరు సందేహిస్తే, కెప్టెన్ తోసిపుచ్చాడు. చిన్నవాని సందేహాన్ని పెద్దవాడు చెవిన పెట్టవలెనన్న శిక్షణ మేలు చేసింది.

కనుక నా అభిప్రాయం ఇది. శిక్షించడం, నష్టపరిహారం నిర్ణయించడం న్యాయస్థానం పని, అక్కడ పాళ్లు తూచక తప్పదు. కారణం వెదకడం వేరు పని. ప్రమాద విచారణ లక్ష్యం నివారణే గాని నిందారోపణ కాదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమమే ఉన్నది. ఈ రెండింటినీ ఒకే గదిలో కలిపితే, భయపడినవాడు నోరు విప్పడు, నిజం బయటికి రాదు. తెలిసి నియమాన్ని మీరినవానిని విడువవద్దు. పొరపడినవానిని మాత్రం, ఆ స్థితిలో అతనిని ఒంటరిగా నిలిపినదెవరో అడుగకుండా శిక్షించవద్దు.

మిత్రులారా! ఫలితాలు చెడినప్పుడు మనమూ అధ్యాపకులను అంటాము, అధ్యాపకులు మనలను అంటారు, పెద్దలు ఇరువురినీ అంటారు. పిడికెళ్లు లెక్కించుకొనే ముందు, ఏ లోపం మనందరి కళ్ల ఎదుటే చాలాకాలంగా ఉన్నదో, దానిని గూర్చి హెచ్చరించిన చిన్న గొంతు ఎవరిదో ఒకసారి తలచుకొందము. ఆ గొంతును మన కళాశాలలో ఎవరూ నొక్కకుండా చూతము.