చేతిపని పీరియడు ఖాళీ పీరియడు కాదు

పరీక్షలు దగ్గర పడగానే బడిలో అన్నిటికన్నా ముందు మాయమయ్యేది చేతిపని పీరియడు. సిలబస్ మిగిలిపోయిన సబ్జెక్టులు దాన్ని పంచుకుంటాయి. ఎందుకని అడిగేవారుండరు. అది కాలక్షేపానికి పెట్టిన గంట అనీ, అసలు చదువు మరెక్కడో ఉందనీ చాలామంది నమ్మకం. బదిలీల మీద దక్షిణాది ఎండలనూ ఉత్తరాది చలినీ చూసిన తెలుగు ఉపాధ్యాయులం మేము. ఈ నమ్మకం సరైనది కాదని మా అభిప్రాయం. అది చెప్పడానికి ఒక ఊలు మఫ్లరు చాలు.

నవోదయ విద్యాలయాల వలస పథకంలో తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మంది ఒక ఏడాది వేరే భాషా ప్రాంతంలో చదువుతారు. తెలుగు జిల్లాల నుంచి ఉత్తరాదికి వచ్చిన పిల్లలకు డిసెంబరులో మఫ్లరు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఇక్కడి అమ్మలు ఎండపొడలో కూర్చుని అల్లుతుంటారు. సూదిని సలాయీ అంటారు, కుట్టును ఫందా అంటారు. ముందువైపు కుట్టు సీధా, తిరగవేసిన కుట్టు ఉల్టా. వ్యాకరణ పుస్తకం తెరవకముందే ఈ మాటలు పిల్లల నోట పలకడం మేము విన్నాము. భాష చేతుల మీదుగా కూడా వస్తుంది.

ఇక పని సంగతి. చీర నేతలో పడుగు, పేక అని రెండు ఉంటాయి. ఊలు అల్లికలో ఉన్నది ఒకటే దారం. ఉచ్చులోంచి మరో ఉచ్చు లాగుతూ పోవాలి. అందుకే ఆ గుడ్డ సాగుతుంది. అందుకే ఒక్క కుట్టు జారినా కింది వరుసలు నిచ్చెన మెట్లలా విడిపోతాయి. శ్రద్ధ ఎందుకో ఉపన్యాసమిచ్చి చెప్పే అవసరం ఉండదు.

మఫ్లరు అందమంతా అంచులో ఉంది. ఒకవైపు అన్నీ సీధా, రెండోవైపు అన్నీ ఉల్టా అల్లితే అంచులు చుట్టుకుపోతాయి. రెండువైపులా సీధాయే అల్లితే గుడ్డ చదునుగా నిలుస్తుంది. ప్రతి వరుసలో దారాన్ని ముందుకు ఉంచి మొదటి కుట్టును అల్లకుండా రెండో సూది మీదికి జరిపి, దారాన్ని వెనక్కి తీసుకుని మిగతావి అల్లితే అంచు జడ అల్లినట్టు వస్తుంది. జడలో ఒక్కో గొలుసు రెండు వరుసలకు లెక్క. 20 గొలుసులుంటే 40 వరుసలు అయినట్టే. 30 కుట్లతో మొదలైన మఫ్లరు నాలుగు వేళ్ళు సాగేసరికి 34 కుట్లయిందంటే, వరుస మొదట్లో దారం సూది మీదుగా పడి ఒక కుట్టు రెండుగా కనబడిందన్నమాట. వరుస చివర లెక్కపెట్టుకునే అలవాటే దీనికి మందు.

తెలియక పెరిగితే తప్పు, తెలిసి పెంచితే విద్య. కుట్టు పెంచే పద్ధతులు చాలా ఉన్నా మూడు ముఖ్యం. దారాన్ని సూది మీద ఒకసారి చుట్టి వదిలితే చిన్న రంధ్రం వస్తుంది, అది నగిషీకి పనికొస్తుంది. ఒకే కుట్టును ముందునుంచీ వెనకనుంచీ రెండుసార్లు అల్లితే రంధ్రం రాదు గానీ చిన్న అడ్డగీత మిగులుతుంది. రెండు కుట్ల నడుమ దారాన్ని ఎత్తి, మెలితిప్పి అల్లితే పెంచినట్టే తెలియదు. ఏదైనా సరే, అంచు కుట్టును వదిలి దాని లోపల పెంచితేనే అంచు చెడదు. 3 కుట్లతో మొదలుపెట్టి, రెండు వరుసలకొకటి చొప్పున ఒక పక్కనే పెంచితే 100 వరుసలకు 53 కుట్ల త్రికోణపు స్కార్ఫు చేతిలో ఉంటుంది. పదో తరగతి అంకశ్రేఢి ఇదే కదా! తప్పు దొరికితే విప్పి మళ్ళీ అల్లవచ్చు, ఊలు ఎక్కడికీ పోదు. ఎర్ర సిరా గీతకు ఆ సౌకర్యం లేదు.

లూధియానా మిల్లుల్లో యంత్రం నిమిషాల్లో అల్లే దానికి ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. కాలిక్యులేటర్ ఉందని ఎక్కాలు మానేశామా? ఇది ఆడపిల్లల పని అనేవారూ ఉన్నారు. చలికి ఆడా మగా తేడా లేనప్పుడు సూదికెందుకు?

అసలు నష్టం ఇంతకన్నా లోతైనది. మన నరసాపురం లేసు అల్లికనే చూడండి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన ఆ క్రోషే పని దేశదేశాలకు వెళ్ళింది, 2024లో భౌగోళిక గుర్తింపు పొందింది. కానీ అల్లే స్త్రీలది తీరిక సమయపు పని అనే పేరుతో కూలి తక్కువగానే దక్కిందని మారియా మీస్ 1982లో ప్రచురించిన తన పుస్తకంలో వివరించారు. బడిలో చేతిపనిని ఖాళీ గంటగా చూసిన పిల్లలు పెద్దయ్యాక చేతిపనివారి కూలినీ అలాగే చూస్తారు. మా ఆందోళన ఇదే.

2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల వారికి స్థానిక వృత్తిదారుల దగ్గర పది రోజులు సంచి లేని చదువు ఉండాలని చెప్పింది. ఆ రోజుల్లో అల్లిక తెలిసిన అమ్మలను బడికి గురువులుగా పిలుద్దాం. అబ్బాయిలకూ సూదులిద్దాం. ఎండ ప్రాంతాల్లో ఊలుకు బదులు నూలు దారం ఇద్దాం. మార్చి నెలలో కూడా ఆ పీరియడును దాని పిల్లలకే వదిలేద్దాం.