దొంగకైతే వకీలును పెడతారు, శరణార్థికి?

అమెరికా అనగానే మన ఇళ్ళల్లో నడిచే మాటలు వీసా స్టాంపింగు గురించీ, గ్రీన్‌కార్డు గురించీ. సరైన కాగితం ఒక్కటీ లేకుండా ఆ దేశం గుమ్మంలో నిలబడి ‘నన్ను వెనక్కి పంపొద్దు, పంపితే బతకనివ్వరు’ అని అడిగే ఆడవాళ్ళ సంగతి మనకంతగా పట్టదు. నాకూ పట్టలేదు, ఫౌజియా కసింజా కేసు గురించి చదివేదాకా.

ఫౌజియాది పశ్చిమ ఆఫ్రికాలోని టోగో. అక్కడ కొన్ని తెగల్లో ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారం ఉంది. తండ్రి ఉన్నంతకాలం దాన్ని కూతుళ్ళ దగ్గరికి రానివ్వలేదు. 1993లో ఆయన పోయాడు, పెత్తనం మేనత్త చేతికొచ్చింది. పదిహేడేళ్ళ పిల్లను నలభై అయిదేళ్ళ మనిషికి నాలుగో భార్యగా కట్టబెట్టి, ఆ కోత కూడా జరిపించబోతుంటే అక్క సాయంతో పారిపోయింది. 1994 డిసెంబరులో వేరేవాళ్ళ పాస్‌పోర్టుతో అమెరికాలో దిగి, తనంతట తానే నిజం చెప్పి శరణు అడిగింది. అడిగినందుకు పదహారు నెలలు నిర్బంధంలో ఉంచారు, కొన్నాళ్ళు నేరస్థులుండే జైళ్ళలో కూడా.

1995లో ఇమిగ్రేషన్ జడ్జి, ఆమె చెప్పేది నమ్మేలా లేదని కేసు కొట్టేశాడు. అప్పటికి ఆమెకు అండగా నిలబడింది ఇంకా లా చదువుతున్న లేలీ మిల్లర్ బషీర్ అనే అమ్మాయి. తర్వాత కారెన్ ముసాలో అనే న్యాయవాది అప్పీలు నడిపింది. పత్రికల్లో గోల కూడా తోడైంది. 1996 జూన్ 13న అప్పీళ్ళ బోర్డు శరణు ఇచ్చింది. ఈ కోతకు భయపడి పారిపోయి రావడం శరణుకు తగిన కారణమేనని బోర్డు స్థాయిలో ఒప్పుకోవడం అదే మొదలు.

అమ్మాయి అదే, కథ అదే. ఒకరు నమ్మలేదు, ఇంకొకరు నమ్మారు. మధ్యలో వకీళ్ళ పని ఉంది. ఆ దేశంలో ఆచారం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళ చేత అఫిడవిట్లు రాయించాలి, కాగితాలు సేకరించాలి, దుబాసీ తప్పు చెబితే పట్టుకోవాలి. అన్నిటికన్నా ముందు ఆ మనిషి చేత నోరు విప్పించాలి. బలాత్కారం సంగతి మొదటి రోజే, ఎదురుగా యూనిఫారంలో కూర్చున్న పరాయి మగవాడికి ఏ ఆడది చెబుతుంది? మన పోలీస్ స్టేషన్లో చెప్పగలమా? ఆర్నెల్ల తర్వాత చెబితే మాత్రం ‘అప్పుడు లేనిది ఇప్పుడెక్కడిది?’ అంటారు.

అమెరికాలో దొంగతనం చేసి పట్టుబడ్డవాడు జైలుకు పోవాల్సి వస్తే, వాడి దగ్గర డబ్బు లేకపోతే ప్రభుత్వమే వకీలును పెడుతుంది. 1963లో గిడియన్ కేసులో సుప్రీంకోర్టు వేసిన దారి అది. శరణు అడిగితే మాత్రం అది క్రిమినల్ కేసు కాదట, సివిల్ వ్యవహారమట! కాబట్టి వకీలును పెట్టుకోవచ్చుగానీ సర్కారు పైసా ఇవ్వదు. కోర్టులో ఎదురుపక్షాన మాత్రం సర్కారు వకీలే ఉంటాడు. దేశంలో అడుగుపెట్టిన ఏడాదిలోగా దరఖాస్తు పెట్టాలన్న నిబంధన ఒకటి. ప్రత్యేక కారణం చూపలేకపోతే అంతే సంగతులు.

ఈ ఖాళీలోకే మోసగాళ్ళు దూరతారు. లాటిన్ అమెరికా దేశాల్లో ‘నోటారియో’ అంటే పెద్ద న్యాయవాది. అమెరికాలో నోటరీ అంటే సంతకం చూసి ముద్ర వేసేవాడే. ఆ పేరు బోర్డు మీద రాసుకుని, లా చదవనివాళ్ళు అమాయకుల దగ్గర డబ్బులు గుంజి కాగితాలు తప్పుల తడకగా నింపి పంపిస్తుంటారు. కోర్టు బయట చెట్టు కింద కూర్చున్నవాణ్ణి నమ్మి మోసపోయినవాళ్ళు మన దగ్గర మాత్రం లేరా? అయినా మనకో ఊరట ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఇది ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

ఇంగ్లండు ఈ విషయంలో కొంత నయం. 2013లో ఇమిగ్రేషన్ కేసులకు న్యాయసహాయం బాగా కోసేసినా, డబ్బులేని శరణార్థులకు మాత్రం ఉంచారు. ఆ దేశంలోనే 1999లో, వ్యభిచారం నింద మోపి భర్తలు గెంటేసిన ఇద్దరు పాకిస్తానీ స్త్రీల కేసులో అత్యున్నత న్యాయస్థానం వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. అసలు 1951 శరణార్థుల ఒప్పందంలో జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒకానొక సామాజిక వర్గం అని అయిదు కారణాలే ఉన్నాయి. ‘స్త్రీ’ అన్న మాట లేదు. ఆ అయిదో కారణంలో ఆడవాళ్ళను ఇరికించడానికే ఇన్నేళ్ళ వాదన.

ఇరికించినా నిలుస్తుందని లేదు. గ్వాటెమాలా నుంచి వచ్చిన రోడి అల్వరాడోను మాజీ సైనికుడైన భర్త ఏళ్ళ తరబడి చావగొట్టాడు. అక్కడి పోలీసులు అది ఇంటి గొడవ అన్నారు. 1996లో జడ్జి శరణు ఇస్తే 1999లో బోర్డు తీసేసింది, 2001లో అటార్నీ జనరల్ ఆ తీర్పును రద్దు చేసింది, చివరికి 2009లో మళ్ళీ ఇచ్చారు. భర్త హింసకు గురైన స్త్రీలకు బోర్డు 2014లో తెరిచిన దారిని 2018లో ఒక అటార్నీ జనరల్ మూస్తే, 2021లో ఇంకొకరు తెరిచారు, 2025లో వేరొకరు మళ్ళీ మూశారు. మన ఊళ్ళో కాపురాలు చక్కబెట్టే పెద్దమనుషులైనా ఇన్నిసార్లు మాట మార్చరు.

రోడి వచ్చేటప్పుడు ఇద్దరు పిల్లల్ని అత్తవారి తరఫువాళ్ళ దగ్గర వదిలి వచ్చింది. తీర్పు కోసం పద్నాలుగేళ్ళు కాచుకుంది. వకీలు అన్నేళ్ళూ వెంట ఉంది కాబట్టి ఆ పిల్లల్ని తిరిగి చూడగలిగింది.