బ్యాచ్ మారినా హక్కు నిలవాలి

హైదరాబాద్ శివారు శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో 2015లో ఒక విద్యార్థి, తన పట్టాపై ఆడా మగా తెలిపే గౌరవపదం వద్దని కోరారు. విశ్వవిద్యాలయం ఒప్పుకొని పేరు ముందు ‘ఎంఎక్స్’ అని రాసిచ్చింది. అదే క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్ ఒకదాని కింది అంతస్తును ఎల్జీబీటీక్యూ విద్యార్థులకు కేటాయించింది 2022లో. మధ్యలో ఏడేళ్లు గడిచాయి. పట్టా మార్పించుకున్న బ్యాచ్‌కు ఆ గదులు దక్కలేదు.

కాలేజీలో తరమంటే మూడు నాలుగేళ్లే, లా చదివితే ఐదేళ్లు. 2009లో లా కోర్సులో చేరినవారినే తీసుకోండి. ఆ ఏడాది జులై 2న ఢిల్లీ హైకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377 సెక్షన్ కోరలు పీకింది. వారు చివరి ఏడాదికి వచ్చేసరికి, 2013 డిసెంబరు 11న, సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చేరినప్పుడు తప్పుకానిది చదువు ముగిసేలోపే మళ్లీ నేరమైంది. తమపైకే రాగల శిక్షను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ఆ పిల్లలు ఏ మనసుతో చదివారో! ఐఐటీల విద్యార్థులు, పూర్వవిద్యార్థులు కూడా కోర్టుకెక్కితే 2018 సెప్టెంబరు 6న ఆ నేరముద్ర తొలగింది.

ఇలా ప్రతి బ్యాచూ మొదటినుంచి పోరాడాల్సిన అగత్యమేమిటి? దారి చూపిన సీనియర్లు వెళ్లిపోతారు. అర్థం చేసుకున్న వార్డెన్ బదిలీ అవుతారు. ఫస్టియర్‌లో చేరిన ట్రాన్స్‌జెండర్ విద్యార్థి మళ్లీ హాస్టల్ ఫారంలో రెండే గళ్లు చూసి ఆగిపోతారు. చట్టం లేదా అంటే ఉంది. విద్యాసంస్థల్లో వివక్షను 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం నిషేధించింది. లైంగికత ఆధారంగా వేధించడమూ ర్యాగింగేనని యూజీసీ 2016లోనే తేల్చింది. గోడమీది ర్యాగింగ్ పోస్టర్లో ఆ మాట ఉందో లేదో ప్రిన్సిపాళ్లు వెళ్లి చూసుకోవాలి.

తల్లిదండ్రులు ఒప్పుకోరన్న సాకు చెల్లదు. పెద్దల అంగీకారం విద్యార్థి భద్రతకు షరతు కారాదు. పిల్లల అనుమతి లేకుండా ఇంటికి ఫోన్ చేసి గుట్టు విప్పడం ప్రాణాలమీదికి తేవచ్చు. దాన్ని క్రమశిక్షణ ఉల్లంఘనగా చూసి, చేసినవారిపై చర్య తీసుకోవాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ విశ్వవిద్యాలయాలన్నింటికీ వర్తించే ఉత్తర్వు ఇవ్వాలి. హాస్టల్ గది, మరుగుదొడ్డి, సర్టిఫికెట్లలో పేరు మార్పుకు గడువు, వివరాల గోప్యత అందులో స్పష్టంగా ఉండాలి. నల్సార్‌లో అడిగితే దక్కినది, జిల్లాలోని డిగ్రీ కాలేజీలో నోరు తెరిచి అడగలేని విద్యార్థికి అడగకుండానే దక్కాలి. వచ్చే ఏడాది ప్రవేశాల ఫారాలు సిద్ధమయ్యేలోగా ఆ ఉత్తర్వు వెలువడాలి.