వార్డులో పెద్దరికం కూడా పరిచర్యే



మన సంఘాల్లో నర్సింగ్ చదివిన ఆడబిడ్డలు చాలామంది ఉన్నారు. వారికి ఉద్యోగం రావాలని, నైట్ డ్యూటీలో క్షేమంగా ఉండాలని ప్రార్థన చేయిస్తాం. కానీ వారి మీద ఉండే హెడ్ నర్స్ కోసం ప్రార్థన చేయమని అడిగేవారు తక్కువ. నిజానికి ఆ బిడ్డల సమాధానం, రోగుల క్షేమం చాలావరకు ఆమె చేతిలోనే ఉంటాయి.

మొదట డ్యూటీ చార్ట్ చూడండి. ఎవరికి వరుసగా నైట్లు పడ్డాయి, ఎవరికి క్రిస్మస్ సెలవు దొరికింది, ఆ ఒక్క కాగితం చెబుతుంది. తనకు కావలసినవారికి పగటి డ్యూటీలు, నోరులేని వారికి రాత్రులు వేస్తే, ఆమె బల్ల మీద బైబిలు ఉన్నా లాభం లేదు. మందను మేపక తమ కడుపు నింపుకొనే కాపరులను దేవుడు గద్దించిన సంగతి యెహెజ్కేలు 34వ అధ్యాయంలో చదువుతాం.

రెండవది, తప్పు జరిగినప్పుడు ఆమె చేసే పని. రాత్రి రెండు గంటలకు ఒక చిన్న నర్సు ఒకరికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ మరొకరికి ఇచ్చిందనుకోండి. అందరి ముందు తిట్లు పడతాయని తెలిస్తే దాచిపెడుతుంది. దాచిన తప్పుకు శిక్ష అనుభవించేది రోగి. మంచి హెడ్ నర్స్ ముందు రోగిని చూస్తుంది, డాక్టరుకు చెబుతుంది. తరువాత, ఒకేలా కనిపించే మందులు పక్కపక్కనే పెట్టారా, నిద్రలేక అలసిపోయిందా అని విచారిస్తుంది. ఆ బిడ్డను పక్కకు పిలిచి సరిదిద్దుతుంది. ఇది తప్పును వెనకేసుకు రావడం కాదు. తనను ఎరుగనన్న పేతురును ప్రభువు ఏమీ జరగనట్టు వదిలేయలేదు, మూడుసార్లు ప్రశ్నించాడు. అయినా గొర్రెలను అతనికే అప్పగించాడు.

మూడవది, తాను లేనప్పుడు కూడా పని సాగేలా చూడడం. 1854లో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లింది. నర్సింగ్ మీద తాను రాసిన పుస్తకంలో ఆమె ఈ సంగతికి ఒక అధ్యాయమే కేటాయించింది. నేను ఉన్నప్పుడు జరిగే పని, నేను లేనప్పుడు కూడా జరగాలంటే ఏ ఏర్పాటు చేయాలి అన్నదే ఆమె ప్రశ్న. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే మోషే మామ యిత్రో అల్లుడికి చెప్పింది కూడా ఇదే (నిర్గమకాండము 18). అన్నీ నా చేతిమీదుగానే జరగాలనుకునే నాయకుడు తానూ నలిగిపోతాడు, ప్రజలనూ నలగగొడతాడు. ఇది సంఘ పెద్దలకూ వర్తిస్తుంది.

అయితే ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఇద్దరు చేయవలసిన పనికి ఒక్కరినే పెట్టి, జీతం తగ్గించి, "ఇది సేవ కదమ్మా, ఓర్చుకో" అనడం అన్యాయం. సిలువ అనేది మనంతట మనం ఎత్తుకునేది, ఇంకొకరి భుజం మీద పెట్టేది కాదు. చాలినంతమంది నర్సులను పెట్టడం యాజమాన్యాల, ప్రభుత్వాల బాధ్యత. ఆ సంగతి పైవారికి ధైర్యంగా చెప్పడం కూడా హెడ్ నర్స్ నాయకత్వంలో భాగమే. మనం ఆ బిడ్డలకు ఓర్పు గురించి మాత్రమే బోధించి ఊరుకోకూడదు.

యేసు ప్రభువు తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగినప్పుడు తన అధికారాన్ని వదులుకోలేదు. తాను బోధకుడనని, ప్రభువునని తెలిసే కడిగాడు. పెద్దరికం ఎందుకు ఇవ్వబడుతుందో అక్కడ నేర్చుకుందాం.

ఈ ఆదివారం మన ప్రార్థనలో హెడ్ నర్సులను జ్ఞాపకం చేసుకుందాం. ఆసుపత్రికి వెళ్లినప్పుడు నర్సుల మీద కేకలు వేయకుండా ఉందాం. మీలో ఎవరైనా ఆ బాధ్యతలో ఉంటే, తల్లీ, వచ్చే నెల డ్యూటీ చార్ట్ వేసే ముందు ఒక నిమిషం మోకరించండి. ఆ కాగితం కూడా దేవుని ఎదుట ఉన్నదే.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.