అణగారినవారి పొత్తు: డర్బన్ అనుభవం

భిన్న సమూహాల మనుషులు దగ్గరైతే ద్వేషం తగ్గుతుందన్న భావనను 1954లో అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఆ తర్వాత జరిగిన పరిశోధనలు ఎక్కువగా పైవర్గానికీ కిందివర్గానికీ మధ్య పరిచయాలనే పట్టించుకున్నాయి. అక్కడో చిక్కుంది. యజమాని మంచివాడనిపించాక కూలి తక్కువన్న బాధ కొంత చల్లబడుతుంది. ద్వేషంతోపాటు పోరాటమూ మందగిస్తుంది. దక్షిణాఫ్రికాపై పనిచేసిన జాన్ డిక్సన్, కెవిన్ డర్‌హైమ్ వంటి సాంఘిక మనస్తత్వవేత్తలు ఈ లోపాన్ని ఎత్తిచూపారు. అణగారిన సమూహాలు తమలో తాము కలిస్తే ఏమవుతుందని ప్రశ్నించారు. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని భారత సంతతి ప్రజల్లో, నల్లజాతి ఇరుగుపొరుగుతో మంచి పరిచయం ఉన్నవారే ఉమ్మడి ఆందోళనకు ఎక్కువ సుముఖంగా ఉన్నట్టు వారి సర్వేలో తేలింది. అయితే పరిచయం ఏ తరహాదన్నదే అసలు సంగతి. ఆ నగరమూ డర్బనూ ఉన్న నేటాల్ ప్రాంతపు చరిత్ర దీన్ని సర్వేలకన్నా గట్టిగా చెబుతుంది.

1860 నవంబరులో మద్రాసు నుంచి చేరిన ట్రూరో ఓడతో నేటాల్ చెరకు తోటలకు భారతీయ ఒప్పంద కూలీల వలస మొదలైంది. 1911 నాటికి వచ్చినవారు లక్షన్నరకు పైమాటే. వారిలో విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారూ ఉన్నారు. ఒప్పందం తీరాక కొందరు కూరగాయలు పండించారు, కొట్లు పెట్టారు, బస్సులు నడిపారు. 1940లలో డర్బన్ శివారు కేటో మేనర్‌లో ఆఫ్రికన్లు భారతీయుల స్థలాల్లో గుడిసెలు వేసుకుని అద్దె కట్టేవారు. వాళ్ల బస్సుల్లోనే పనికి వెళ్లేవారు, వాళ్ల కొట్లలోనే సరుకులు కొనేవారు. పరిచయానికి ఏ లోటూ లేదు. అయినా 1949 జనవరి 13న ఒక ఆఫ్రికన్ బాలుణ్ణి భారతీయ దుకాణదారు కొట్టాడన్న వార్తతో అల్లర్లు రాజుకుని 142 మంది చనిపోయారు. అందులో 87 మంది ఆఫ్రికన్లు, 50 మంది భారతీయులు. ఇద్దరినీ అణచిన చట్టాలు చేసిన శ్వేత ప్రభుత్వం ఆఫ్రికన్‌కు దూరాన ఉంది. అద్దె అడిగేవాడు మాత్రం రోజూ ఎదురుపడేవాడు.

నాయకుల మధ్య ఒప్పందం అప్పటికే ఉంది. 1947 మార్చిలో ఆఫ్రికన్ నాయకుడు జూమా, భారతీయ నాయకులు నాయకర్, దాదూ సంతకాలు చేసిన 'ముగ్గురు డాక్టర్ల ఒడంబడిక' రెండు జాతుల కాంగ్రెసుల సహకారాన్ని ప్రకటించింది. కానీ అది కేటో మేనర్ గుడిసెల దాకా దిగలేదు. 1952 ధిక్కార ఉద్యమంలో ఎనిమిది వేలమందికి పైగా ఆఫ్రికన్లు, భారతీయులు అన్యాయపు చట్టాలను కలిసి ఉల్లంఘించి అరెస్టయ్యారు. 1956 డిసెంబరులో రాజద్రోహ నేరం మోపి 156 మందిని ప్రభుత్వం జొహానెస్‌బర్గ్ ఫోర్ట్ జైలులో పెట్టింది. నిషేధాజ్ఞల వల్ల ఏళ్లుగా కలుసుకోలేకపోయిన నాయకులు అక్కడ ఉమ్మడి గదుల్లో పడుకున్నారు, ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్నారు. ఒక రోజు నేటాల్ కార్యకర్త యెంగ్వా దుప్పటి కప్పుకుని, చుట్టిన వార్తాపత్రికను ఈటెలా పట్టుకుని, జులు రాజు షాకా ప్రశస్తి అందుకున్నాడు. ఆఫ్రికన్ కాంగ్రెస్ అధ్యక్షుడు లుతులి లేచి ఆడాడు, ఆయన వెంట ఆఫ్రికన్లూ భారతీయులూ కలిసి ఆడారని మండేలా ఆత్మకథలో గుర్తుచేసుకున్నారు. వాళ్లను విడదీయాలనుకున్న ప్రభుత్వమే వాళ్లకు కలిసే చోటు చూపింది.

కార్ఖానాల్లో కథ మరింత స్పష్టం. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం నివాసాలను జాతులవారీగా విడగొట్టింది. దాంతో భారతీయులు చాట్స్‌వర్త్‌కు, ఆఫ్రికన్లు క్వామాషు, ఉమ్లాజీలకు చేరారు. పనిచోట్లు మాత్రం పూర్తిగా విడిపోలేదు. 1973 జనవరి 9న కొరొనేషన్ ఇటుక, పెంకుల కర్మాగారంలో మొదలైన సమ్మె నెలల వ్యవధిలో అరవై వేలమందికి పైగా కార్మికులకు పాకింది. ప్రతినిధులను ఎన్నుకోమని యాజమాన్యం అడిగితే కార్మికులు ఒప్పుకోలేదు, ముందుకొచ్చినవాడి ఉద్యోగం ఊడుతుందని వారికి తెలుసు. బట్టల మిల్లుల్లో ఆఫ్రికన్లతోపాటు భారతీయులూ పని ఆపారు. జీతాలు సమానం కాకపోయినా ఇద్దరికీ ఇల్లు గడవడం లేదు. ఇక్కడ భారతీయుడు అద్దె వసూలు చేసేవాడు కాడు, పక్క మగ్గంవాడు.

ఈ ఐక్యతను ప్రభుత్వం గ్రహించింది. 1983 రాజ్యాంగంలో భారతీయులకు, మిశ్రజాతివారికి వేర్వేరు సభలిచ్చి, ఆఫ్రికన్లను బయటే ఉంచింది. కొద్దిపాటి రాయితీతో ఒకరిని విడదీసే ఎత్తుగడ అది. అదే ఏడాది ఆగస్టులో పుట్టిన ఐక్య ప్రజాస్వామ్య వేదిక ఎన్నికల బహిష్కరణకు పిలుపునిచ్చింది. మరుసటి ఏడాది భారతీయ సభకు ఓటేసినవారు నమోదైన ఓటర్లలో ఐదో వంతుకు అటూఇటూ. అద్దెల పెంపుపై బస్తీ సంఘాలు అంతకుముందే చేసిన పని ఈ బహిష్కరణకు ఊతమైంది.

ఈ పొత్తు ఒకసారి కుదిరితే శాశ్వతమని అనుకోరాదు. ఐక్య ప్రజాస్వామ్య వేదిక 1991లో రద్దయింది, 1994 తర్వాత బస్తీ సంఘాలూ బలహీనపడ్డాయి. 2021 జులైలో దక్షిణాఫ్రికాలో లూటీలు చెలరేగిన వేళ డర్బన్ దగ్గరి ఫీనిక్స్‌లో భారత సంతతివారు రోడ్లకు అడ్డంగా కాపలా కాశారు. అక్కడ ముప్పై మందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు నల్లజాతివారు. ఫీనిక్స్‌కూ దాని పొరుగున ఉన్న ఇనాండాకూ నడిచి వెళ్లేంత దూరమే. 1980లలో అద్దెల మీద కలిసి కదిలిన సంఘాల వంటివి ఈ రెండు బస్తీల మధ్య ఆ జులైలో బలంగా ఉండి ఉంటే, వదంతులు పాకిన ఆ రాత్రుల్లో ఒకరినొకరు అడిగి నిజం తెలుసుకోవడానికి దారి ఉండేది.