మధ్య కుర్చీ మామకు

సినిమా హాల్లో మంచి సీటు కావాలంటే ముందుగా పోయి క్యూలో నిలబడాలి. మరి ఇంట్లో మంచి సీటు కావాలంటే? ఈ వారం నా గొడవ అదే, పాఠక మిత్రులారా!

ఆర్నెల్లు వ్యాసాలు రాసి కూడబెట్టిన డబ్బుతో జమ్మలమడుగులో మా ఇంటికి 5.1 హోమ్ థియేటర్ తెచ్చాను. ఎదుట మూడు స్పీకర్లు, వెనక చెరో వైపున రెండు. ఆ చివరి '.1' అంటే గుండెల్లో గుబగుబలాడించే సబ్‌వూఫర్ పెట్టె. అయిదు స్పీకర్లూ వేర్వేరుగా పలుకుతాయి కనుక, గాయకుడు ఎదుట నిలబడి పాడుతుంటే కోరస్ మన వీపు వెనక అందుకుంటుంది. 2012లో సినిమా హాళ్ళకు వచ్చిన డాల్బీ అట్మాస్ అయితే నెత్తిమీద నుంచి కూడా పలికిస్తుంది. నా జేబు అంత ఎత్తు ఎగరలేదు.

మొదటి రాత్రి 'నాటు నాటు' పెట్టాను. ఒకటే రొద! మాది నాపరాళ్ళ ఇల్లు. నున్నటి రాయి శబ్దాన్ని మింగదు, తిప్పికొడుతుంది. అమ్మ చేత తిట్లు తిని, పెట్టెలో ఉన్న బొంతలన్నీ తీసి గోడలకు వేలాడదీశాను. నేలమీద జంపఖానా పరిచాను. అప్పుడు గాని పాట పాట కాలేదు. అన్ని వేలు పోసిన యంత్రానికి పాత బొంతలు పరువు నిలబెట్టాయంటే నమ్మండి!

మరునాడు మా మేనమామను పిలిచాను. ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళకూ జాతరలకూ మైక్ సెట్ కట్టిన మనిషి. 1986లో తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం 'సింహాసనం' వస్తే, ఆరు ట్రాకుల స్టీరియో ఎట్లుంటుందో వినాలని హైదరాబాదు దాకా పోయొచ్చినవాడు. అయిదు స్పీకర్లూ సమంగా వినిపించే చోటు ఒక్కటే ఉంటుంది. ఆ మధ్య కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టాను.

"వైర్లు తప్పు తగిలించినావు రా అబ్బీ. అంతా కుడిపక్కనుంచే వస్తాండాది" అన్నాడు.

యంత్రంలో పరీక్ష ధ్వని ఉంటుంది. ఒక్కో స్పీకరూ వంతులవారీగా 'ష్...' మంటుంది. కళ్ళు మూసుకొని వేలు చూపించమన్నాను. అయిదుసార్లూ మామ వేలు కుడివైపుకే పోయింది.

ధ్వని ఏ దిక్కు నుంచి వచ్చిందో మనకు తెలిసేది రెండు చెవులకూ అందడంలో ఉండే రవ్వంత తేడా వల్లే. ఒక చెవి పోతే ఎన్ని స్పీకర్లున్నా ఒక్క దిక్కే.

"ఎప్పట్నుంచి మామా?"

"ఏమో. హారన్ కింద ఆ చెవి పెట్టుకొనే కదా కూచుంటి ఇన్నేండ్లూ" అని నవ్వాడు. అత్తకు కూడా చెప్పలేదట. డి.జె. పెట్టెలకు ఆనుకొని ఎగిరే తమ్ముళ్ళూ, వింటున్నారా?

మామ 'మాయాబజార్' పాట అడిగాడు. 1957 నాటి మోనో రికార్డింగు. 2010లో రంగులద్ది, డి.టి.ఎస్. ధ్వనితో మళ్ళీ విడుదల చేశారు. అది శ్రద్ధగా చేసిన పని. కాని మన ఇంటి యంత్రంలో ఒక బటన్ ఉంది చూశారూ, పాత మోనో పాటను అయిదు స్పీకర్లకూ పంచేది! అది నొక్కితే ఘంటసాల గారు బావిలో నిలబడి పాడినట్టుంటుంది.

నేను నొక్కలేదు. నాలుగు స్పీకర్లు ఆపేసి, ఎదుటి మధ్య స్పీకరొక్కటి ఉంచాను. మామ కుర్చీని పక్కకు తిప్పుకొని, కుడిచెవి దానివైపు పెట్టి, "ఇప్పుడు సరిగ్గా బిగించినావు" అన్నాడు.