రెండు ప్రతులు దొరికితే ఒకటి తగులబెడతామా?



కంప్యూటర్లు బాగుచేసేవారి నోట నేను తరచుగా వినే మాట ఒకటున్నది. "ఎందుకొచ్చిన గొడవ మాస్టారూ, మొత్తం ఫార్మాటు కొట్టేద్దాం!" ఈ మాటపై నాకు ఆగ్రహం. రోగం తెలియని వైద్యుడు చెప్పే మాట ఇది. దీనివల్ల మన తెలుగువాళ్ల వ్రాతలు ఎన్ని మట్టిలో కలిసిపోయినవో లెక్క వ్రాసినవారు లేరు. అందరినీ అనను, ఓపికగా పనిచేసేవారిని కూడా ఎరుగుదును. నా పోరు ఆ మనుషులతో కాదు, ఆ అలవాటుతో.

విండోస్ 10కు మైక్రోసాఫ్టు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. పాత యంత్రాలలో కొత్త విండోస్ ఎక్కించుకొనే పని చాలా ఇళ్లలో నడుస్తున్నది. అక్కడే ఒక చిక్కు పుడుతుంది. ఎక్కించేటప్పుడు పాతది ఉన్న భాగాన్ని కాక పక్కనున్న ఖాళీ భాగాన్నో, కొత్తగా బిగించిన డిస్కునో ఎంచుకొంటే, పాత విండోస్ ఉన్నచోటనే ఉంటుంది, కొత్తది మరొక చోట కాపురం పెడుతుంది. ఆపైన యంత్రం తెరిచిన ప్రతిసారీ నీలి తెర మీద రెండు పేర్లు కనబడి, ఏది కావాలో చెప్పమని ముప్పది సెకన్లు నిలుస్తుంది. పాతదీ కొత్తదీ ఒకే రకమైతే ఒకే పేరు రెండుసార్లు! వ్యాకరణంలో ఒక పదాన్ని రెండుసార్లు పలికినప్పుడు రెండవదానిని ఆమ్రేడితం అంటాము. ఇది యంత్రం పలికిన ఆమ్రేడితం. దీనిని చూచి గృహస్థు బెదురుతాడు. బాగుచేసేవాడు ఫార్మాటు అంటాడు.

ఇక్కడ పాడేరులో నా మిత్రుడొకరికి ఇదే జరిగింది. ఆయనా నావలెనే విశ్రాంత ఉపాధ్యాయుడు. కొండ మీది బడులలో పనిచేసిన ఇరవై ఏళ్లలో పిల్లల నోట, వాళ్ల అవ్వల నోట విన్న కువి మాటలు, ఆదివాసీ ఒడియా మాటలు తెలుగు లిపిలో వ్రాసి, పక్కన తెలుగు అర్థాలు ఇచ్చుకొన్నారు. అందులో సగం అను ఫాంట్లలో, సగం యూనికోడులో. ఎవరో వచ్చి విండోస్ ఎక్కించి వెళ్లారు. మరునాడు తెర మీద రెండు పేర్లు. పిలిస్తే వచ్చిన జవాబు ఫార్మాటు. ఆ మాటల మూటకు మరొక నకలు లేదు. ఆ అవ్వలలో ఇప్పుడు ఎందరున్నారు? ఎవరిని అడిగి మళ్లీ వ్రాస్తాడు?

పండితులకు తెలిసిన ఒక పద్ధతిని ఇక్కడ గుర్తుచేస్తాను. ఒక కావ్యానికి రెండు తాళపత్ర ప్రతులు దొరికితే పరిష్కర్త ఏమి చేస్తాడు? రెండింటినీ పక్కపక్కన పెట్టి చదువుతాడు. ఒకదానిలో లేని పద్యం రెండవదానిలో దొరుకుతుంది. ఒకదానిలో చెదలు తిన్న పాదం రెండవదానిలో నిలిచి ఉంటుంది. సి.పి. బ్రౌను దొర ఊరూరి నుండి ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి సరిచూపించాడు కనుకనే ఎన్నో కావ్యాలు మన దాకా వచ్చినవి. "రెండున్నవి, అయోమయంగా ఉన్నది, రెండూ పొయ్యిలో పెట్టండి" అని ఆయన అని ఉంటే?

డిస్కులోని రెండు విండోసులూ అటువంటి రెండు ప్రతులే. పాతదానిలో ఏమున్నదో చూడకుండా పారవేయరాదు. ముఖ్యంగా తెలుగువారికి పాతదానిలో ఒక నిక్షేపమున్నది: ఫాంట్లు. అను వంటి ఫాంట్లలో కొట్టిన వ్రాత నిజానికి తెలుగు సంకేతాలతో ఉండదు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు బొమ్మలు తొడిగి ఉంటుంది. ఆ ఫాంటు కొత్త విండోసులో లేకపోతే ఫైలు తెరిచినప్పుడు పిచ్చి గీతలు కనబడతవి. "ఫైలు పాడైపోయింది" అని చెరిపివేస్తారు. అది పాడుకాలేదయ్యా, తొడుగు లేదు, అంతే! ఆ తొడుగు పాత విండోసులోని ఫాంట్స్ ఫోల్డరులోనే ఉన్నది. ఎక్స్‌పీ రోజులలో తెలుగు కనబడాలంటే సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, సీడీ వేసి, మళ్లీ యంత్రాన్ని మొదలుపెట్టిన మనకు ఈ బాధ కొత్తది కాదు.

ఇక చికిత్స. రెండు పేర్లలో కొత్తదానిని ఎంచుకొని లోపలికి వెళ్లాలి. అక్కడ పాత విండోస్ మరొక డ్రైవుగా, చాలాసార్లు డి అనో ఇ అనో కనబడుతుంది. అందులోని యూజర్స్ ఫోల్డరులో పాత పేరు మీద నొక్కితే అనుమతి లేదంటుంది. కంటిన్యూ నొక్కితే, మీరు అడ్మినిస్ట్రేటరు అయితే, తెరుచుకొంటుంది. డాక్యుమెంట్లు, డెస్క్‌టాపు, బొమ్మలు, పైన చెప్పిన ఫాంట్లు, అన్నిటినీ బయటి డిస్కులోకి నకలు తీయాలి. డ్రైవుకు బిట్‌లాకర్ తాళం పడి ఉంటే నలుబది ఎనిమిది అంకెల రికవరీ కీ కావాలి. ఆ కీ చేతికి రాకుండా దేనినీ ముట్టవద్దు.

నకలు తీసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూచుకొన్న తరువాతనే పేరు తొలగించే పని. విండోస్ మీటా ఆర్ మీటా కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎం, ఎస్, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి అక్షరాలు వరుసగా కొడితే సిస్టమ్ కాన్ఫిగరేషన్ వస్తుంది. అందులో బూట్ అనే పుటలో రెండు పేర్లూ ఉంటవి. ఇప్పుడు నడుస్తున్నదాని పక్కన కరెంట్ ఓఎస్ అని వ్రాసి ఉంటుంది. దానిని డిఫాల్టు చేసి, రెండవదానిని ఎంచి డిలీట్ నొక్కితే తీరిపోయింది. ఇది గుమ్మం మీది పేరు పలకను తీసినట్లే. ఇల్లు కూలదు, లోపలి సామాను పోదు. ఎక్స్‌పీ కాలంలో ఇదే పని బూట్.ఐఎన్ఐ అనే చిన్న ఫైలులో ఒక వరుస చెరిపి చేసేవారము. విస్టా నుండి పద్ధతి మారింది, ధర్మం మారలేదు.

ఒక్క హెచ్చరిక. పాత డ్రైవును ఆ తరువాత ఖాళీ చేయదలచితే ముందు డిస్క్ మేనేజ్‌మెంటులో చూడండి. సిస్టమ్ అని వ్రాసి ఉన్న భాగం పాత డిస్కులో ఉంటే, కొత్త విండోసుకు ప్రాణం కూడా అందులోనే ఉన్నట్లు. దానిని తీసివేస్తే కొత్తది లేవదు. ముందు బిసిడిబూట్ అనే ఆదేశంతో ప్రారంభ ఫైళ్లను కొత్త డిస్కులో వ్రాయించాలి. తెలిసినవారి చేత చేయించండి. తెలియనివారికి ఈ ఒక్క సంగతి చెప్పి చేయించండి.

నా మిత్రుని యంత్రం ఒక్క సాయంత్రంలో దారికి వచ్చింది. ఫార్మాటు వల్ల కాలం కలిసివస్తుందనే వాదం అక్కడే వీగిపోయింది. ఫార్మాటు చేసి, విండోస్ ఎక్కించి, ప్రింటరు మొదలు తెలుగు కీబోర్డు వరకు అన్నీ మళ్లీ అమర్చుకొనేసరికి రెండు రోజులు. "పోయినవాటిని డబ్బిస్తే తీసి ఇస్తారులే" అనేది మరొక వాదం. పాత రకం హార్డు డిస్కులో కొంత ఆశ ఉండవచ్చు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలలో చెరిపిన చోటును డిస్కే తుడిచివేసుకొంటుంది గనుక ఆశ బహు స్వల్పం. ఆ కొంత ఆశ కోసమైనా పాడేరు వాళ్లు ఘాటు దిగి, నూరు కిలోమీటర్లకు పైబడి ప్రయాణం చేసి విశాఖపట్నం వైపు చూడవలసినవారే.

ఫార్మాటు ఎన్నడూ కూడదని నేను అనను. వైరస్ పట్టి పీడిస్తున్నప్పుడు, యంత్రాన్ని మరొకరికి ఇచ్చేటప్పుడు అదే సరియైన మందు. కానీ అది నకలు తీసిన తరువాతి మాట.

"ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ?" అని అడిగేవారికి నా సమాధానం: సంధులూ సమాసాలూ ముప్పై ఏళ్లు చెప్పినవాడికి రెండు పేర్లలో ఒకటి చెరపడం బ్రహ్మవిద్య కాదు. మన వ్రాతలు మనవి. వాటి కాపలా పరాయివారి తొందరకు అప్పగించరాదు. మీ ఇంటికి బాగుచేసేవారు వచ్చి ఫార్మాటు అనగానే, "నకలు ఎక్కడ తీశావు నాయనా, చూపించు" అని అడగండి. చూపించిన తరువాతనే కుర్చీ ఇవ్వండి.